సర్వర్ ఆగిపోతే వస్తువు ఎవరిది?

పాతరేడియో (చర్చ ప్రారంభం)

నాలుగేళ్ల క్రితం కొన్న ఇంటి కెమెరా ఒకటి పోయిన నెల దాకా ఏ లోపమూ లేకుండా పనిచేసింది. అంతకు రెండు నెలల ముందే తయారీ సంస్థ నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. ఫలానా తేదీతో ఈ మోడల్‌కు సేవలు ముగుస్తాయనీ, ఇంతకాలం తమను ఆదరించినందుకు ధన్యవాదాలనీ, కొత్త మోడల్ మీద కొంత తగ్గింపు ఇస్తామనీ దాని సారాంశం. ఆ తేదీ దాటిన మర్నాడు ఫోనులో యాప్ తెరిస్తే "పరికరం అందుబాటులో లేదు" అని వచ్చింది.

కెమెరాలో చెడిపోయింది ఏమీ లేదు. కటకం మీద గీత కూడా పడలేదు. ప్లగ్గు తీసి పెట్టిన ప్రతిసారీ లోపలి మోటారు దాని తలను ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ తిప్పి, సరిగ్గా మధ్యకు తెచ్చి ఆపుతుంది. ఆ తరువాత ముందున్న నీలం దీపం మిణుకుమనడం మొదలవుతుంది. సర్వర్ కోసం వెతుకుతోందని దానికి అర్థం. ఆ సర్వర్ ఇక లేదు కాబట్టి రోజంతా అలా వెతుకుతూనే ఉంటుంది. కెమెరా, నా ఫోను ఒకే గదిలో ఒకే వైఫై మీద ఉన్నా, ఆ కెమెరా చూసే దృశ్యం ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావాలన్న సంగతి కొన్న రోజున నాకెవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు, అది ఒప్పుకుంటాను.

సంస్థ పేరు కావాలనే రాయడం లేదు, ఇది ఒక్కరు చేస్తున్న పని కాదు కనుక. నా ప్రశ్న ఇది. వస్తువు నా ఇంట్లో ఉంది, దాన్ని ఆపే మీట మరొకరి చేతిలో ఉంది. దీన్ని అమ్మకం అనాలా, అద్దె అనాలా? అమ్మకమే అయితే, ఆపేసే రోజున ఆ మీటను నాకు అప్పగించాల్సిన బాధ్యత వారికి ఉండదా?

ఒకేమాట

షరతులకు అంగీకరిస్తున్నానన్న గడిలో టిక్కు పెట్టింది మీరే కదా. సేవలను ఎప్పుడైనా నిలిపివేయవచ్చని అందులో తప్పకుండా రాసి ఉంటుంది. చదవకుండా ఒప్పుకున్నవారు తరువాత ఫిర్యాదు చేయడం ఎంతవరకు సబబు?

న్యాయపత్రం

ఒకేమాట గారూ, మీరు చెప్పిన ఒప్పందం వినియోగదారుడి కంటపడేది ఎప్పుడో ఒకసారి గమనించండి. డబ్బు చెల్లించి, పెట్టె విప్పి, కెమెరాను గోడకు బిగించి, యాప్ దించుకుని, ఖాతా తెరిచే సమయానికి ఆ షరతులు మొదటిసారి ప్రత్యక్షమవుతాయి. అప్పుడు "అంగీకరించను" అంటే చేతిలో మిగిలేది ప్లాస్టిక్ ముద్ద. బేరం ముగిశాక చూపించే షరతును సమ్మతి అనడం నాకు సాహసంగానే తోస్తుంది.

1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఆ దేశ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో వినియోగదారుడికి నాలుగు హక్కులు ఉన్నాయన్నారు: భద్రత, సమాచారం, ఎంపిక, తన మాట వినిపించుకునే అవకాశం. ఐక్యరాజ్యసమితి 1985లో ఆమోదించిన మార్గదర్శకాలు కూడా ఈ బాటలోనే నడిచాయి. వీటిలో సమాచార హక్కు అంటే సమాచారం ఎక్కడో ఒకచోట ఉండటం కాదు, నిర్ణయం తీసుకునే ముందు అది అందడం. భారతదేశపు 2019 వినియోగదారుల రక్షణ చట్టం మరొక అడుగు ముందుకు వేసి, సహేతుకమైన కారణం లేకుండా ఒప్పందాన్ని ఏకపక్షంగా రద్దు చేసుకునే హక్కును ఒక పక్షానికే కట్టబెట్టే షరతును అన్యాయమైన ఒప్పందాల లెక్కలో చేర్చింది. కాబట్టి టిక్కు పెట్టినంత మాత్రాన కథ ముగిసిపోదు.

ఇక పాతరేడియో గారి అసలు ప్రశ్నకు వస్తాను. అమ్మిన వస్తువు మీద అమ్మినవాడి పట్టు అమ్మకంతోనే ముగిసిపోవాలన్నది చాలా పాత న్యాయసూత్రం. ప్రింటర్ల తయారీ సంస్థ లెక్స్‌మార్క్ తన సిరా గుళికలను "ఒక్కసారి మాత్రమే వాడాలి" అన్న షరతుతో అమ్మి, వాటిని తిరిగి నింపి అమ్మినవారి మీద పేటెంటు దావా వేసింది. 2017లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అమ్మకం జరిగిన క్షణంలోనే ఆ వస్తువు మీద పేటెంటు హక్కు తీరిపోతుందని తేల్చింది. అయితే మీ కెమెరా విషయంలో ఒక మెలిక ఉంది. కటకాన్నీ మోటారునూ మీకు అమ్మారు, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్‌ను మాత్రం అమ్మలేదు, వాడుకునే అనుమతి ఇచ్చారు. గుర్రాన్ని అమ్మి కళ్లెం తమ చేతిలోనే ఉంచుకున్నట్టు అన్నమాట.

ఈ కళ్లెం ఎంత దూరం నుంచి లాగవచ్చో 2009 జులైలో లోకానికి తెలిసింది. అమ్మే హక్కు లేని ప్రచురణకర్త పెట్టిన ప్రతులని తేలడంతో, అమెజాన్ సంస్థ జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు రెండింటిని కొన్నవారి కిండిల్ పరికరాల్లోంచి దూరం నుంచే తొలగించి, డబ్బు వెనక్కి ఇచ్చేసింది. ఒక విద్యార్థి వాటిలో ఒకదానికి జోడించి రాసుకున్న వ్యాఖ్యలు ఆ దెబ్బకు పనికిరాకుండా పోయి, వ్యవహారం కోర్టుకు ఎక్కింది. జెఫ్ బెజోస్ తరువాత క్షమాపణ చెప్పారు. డబ్బు వెనక్కి వచ్చింది కదా అనేవారు అప్పుడూ ఉన్నారు. దుకాణదారుడు రాత్రిపూట మన ఇంట్లోకి వచ్చి అమ్మిన వస్తువు పట్టుకుపోయి, బల్ల మీద డబ్బు పెట్టి వెళితే మనం అలాగే అంటామా?

కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, తరువాత వెనక్కి తీసుకోగలిగిన డిజిటల్ సరుకుకు "కొనండి" అన్న మీట పెట్టాలంటే, ఇస్తున్నది అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. మాట మార్చినంత మాత్రాన హక్కు రాదు, నిజమే. కనీసం ఏది కొంటున్నామో తెలుస్తుంది.

మరమ్మతుబల్ల

నేను ఫోన్లు, ట్యాబ్‌లు బాగుచేస్తాను. న్యాయపత్రం గారు చెప్పిన కళ్లెం నా బల్ల మీద రోజూ కనబడుతుంది కాబట్టి ఒక ఉదాహరణ ఇస్తాను.

ఒకే మోడల్ ఫోన్లు రెండు వచ్చాయనుకోండి. ఒకదాని తెర పగిలింది, రెండోదాని బోర్డు నీళ్లలో తడిసి పోయింది. రెండోదాని తెర విప్పి మొదటిదానికి బిగించడం మామూలుగా అయితే అరగంట పని. రెండూ ఒకే తయారీదారు భాగాలే, నకిలీ సరుకు ఏదీ మధ్యలో లేదు. అయినా ఫోను వెలిగించగానే ఈ తెరను గుర్తించలేకపోతున్నామన్న హెచ్చరిక వస్తుంది, వెలుతురును బట్టి తెర రంగు దానంతట అది సర్దుకునే సౌకర్యం మాయమవుతుంది. తెరలో ఉన్న చిన్న చిప్పు తన వరస సంఖ్యను చెబుతుంది, బోర్డు తనకు తెలిసిన సంఖ్యతో దాన్ని పోల్చుకుని కాదంటుంది, అంతే. అందుకని మేము పగిలిన తెర నుంచి ఆ చిప్పును వేడిగాలితో ఊడదీసి కొత్త తెర మీద అతికిస్తాం, లేదా దానిలోని సంఖ్యను ఒక చిన్న పరికరంతో చదివి కొత్తదానిలో రాస్తాం. అరగంట పని రెండు గంటలవుతుంది. ఆ గంటన్నర శ్రమ వల్ల ఫోనుకు ఒరిగేదేమీ లేదు. అది తాళానికి చెల్లించే సుంకం.

దొంగ ఫోన్ల భాగాలు అమ్ముడుపోకుండా ఈ ఏర్పాటు చేశామని తయారీదారులు చెబుతారు. దొంగతనానికి గురైనట్టు నమోదైన ఫోను భాగాలను మాత్రమే తిరస్కరిస్తే ఆ ప్రయోజనం నెరవేరుతుంది కదా, అన్నిటినీ తిరస్కరించడం ఎందుకు? అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం 2024లో చేసిన మరమ్మతు హక్కు చట్టంలో ఈ జతకట్టే పద్ధతికి పగ్గాలు వేసింది. ఇలాంటి చట్టం గురించి చదివినప్పుడు దాన్ని రాసినవాళ్లలో ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ పట్టినవారే అయి ఉంటారనిపించింది.

కోడుకూలీ

ఈ చర్చలో అవతలి పక్షం వారు ఎవరూ లేనట్టున్నారు కాబట్టి ఆ పాత్ర నేను తీసుకుంటాను. ఇలాంటి పరికరాలకు సాఫ్ట్‌వేర్ రాసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. పాతరేడియో గారి కెమెరాను తయారుచేసింది మేము కాదని ముందే మనవి.

సర్వర్ అంటే ఒకసారి కట్టి వదిలేసే గోడ కాదు. దానికి నెలనెలా ఖర్చు ఉంటుంది, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. కొత్త లోపం బయటపడినప్పుడల్లా సరిదిద్దాలి. కెమెరా లోపలి చిప్పు తయారుచేసిన సంస్థ తన వంతు కోడును నవీకరించడం మానేస్తే, దాని మీద కట్టిన మా కోడును మేము ఎంత దిద్దినా పునాదిలో బీట అలాగే ఉంటుంది. వినియోగదారుడు ఒక్కసారి డబ్బు ఇచ్చి జీవితాంతం సేవ ఆశిస్తున్నాడు. మేమూ అలాగే అమ్మాం, అది మా తప్పు, ఒప్పుకుంటాను.

అంతకంటే ముఖ్యమైనది భద్రత. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌కు కలిపి ఉన్న కెమెరాలను, రౌటర్లను, వీడియో రికార్డర్లను వెతికి పట్టుకుంది. దాని దగ్గర ఉన్న ఆయుధం కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డులు అరవై పైచిలుకు ఉన్న ఒక జాబితా మాత్రమే. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి పరికరాలన్నీ ఒక్కసారిగా, వెబ్‌సైట్ల పేర్లను వాటి ఇంటర్నెట్ చిరునామాలతో కలిపే డైన్ అనే సంస్థ మీద పడితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి ఎన్నో ప్రాంతాలవారికి గంటల తరబడి అందకుండా పోయాయి. తమ గోడ మీది కెమెరా అందులో ఒక సైనికుడని వాటి యజమానుల్లో చాలామందికి తెలియనే తెలియదు. దిద్దుబాట్లు అందని పరికరాన్ని ఇంటర్నెట్ మీద వదిలేయడం కంటే ఆపేయడమే బాధ్యత అనిపించే సందర్భాలు ఉంటాయి. సేవ నిలిపివేసిన ప్రతిసారీ దాన్ని దురాశ ఖాతాలో వేయకండి.

మరమ్మతుబల్ల

ఎలుకలున్నాయని ఎవరూ ఇంటికి నిప్పు పెట్టుకోరు కోడుకూలీ గారూ. ఇంటర్నెట్ నుంచి తెంచేసి, ఇంటి వైఫై మీద మాత్రమే పనిచేసేలా చివరి అప్‌డేట్ ఒకటి పంపితే మిరాయ్ ఎలా వస్తుంది?

వింటున్నాను

కెమెరా, ఫోను అంటే మరొకటి కొనుక్కోవచ్చు. తీసి పక్కన పెట్టడానికి వీలులేని పరికరం అయితే ఏమిటి?

రెటీనా దెబ్బతిని చూపు పోయినవారి కోసం సెకండ్ సైట్ అనే అమెరికన్ సంస్థ ఆర్గస్ 2 అనే పరికరాన్ని తయారుచేసింది. కళ్లజోడుకు అమర్చిన కెమెరా దృశ్యాన్ని పట్టుకుంటుంది, నడుముకు తగిలించుకునే చిన్న పెట్టె దాన్ని సంకేతాలుగా మారుస్తుంది, కంటి లోపల శస్త్రచికిత్సతో అమర్చిన 60 ఎలక్ట్రోడ్ల పలక ఆ సంకేతాలను నాడులకు అందిస్తుంది. మనం చూసే చూపు కాదు అది. వెలుగు మచ్చలు, తలుపు అంచు, ఎదురుగా కదిలే ఆకారం. అయినా చీకటిలో ఉన్నవారికి అది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పాలా? దీనికి ఐరోపాలో 2011లో, అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. 2019లో సంస్థ దాని తయారీ ఆపేసింది, 2020లో మూతపడే స్థితికి వచ్చి ఉద్యోగుల్లో చాలామందిని తొలగించింది. ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా మనుషుల కళ్లల్లో ఆ పలకలు ఉండిపోయాయి. బయటి పెట్టె పాడైతే బాగుచేసేవారు లేరు, విడిభాగాలు లేవు, ఎంఆర్‌ఐ తీయవచ్చో లేదో వైద్యుడు ఫోను చేసి అడగడానికి ఆ పక్కన మనిషి లేరు.

పాతరేడియో గారు అడిగిన "మీటను అప్పగించే బాధ్యత" వైద్య పరికరాల విషయంలో అనుమతి ఇచ్చే రోజునే రాయించుకోవాల్సింది. సంస్థ దివాలా తీశాక ఎవరిని అడుగుతాం?

నిర్వాహకులు

ఒక సభ్యులు రెండు సంస్థల పేర్లు పెట్టి సొంత ఫిర్యాదు రాశారు. మన నియమం ప్రకారం ఆ వ్యాఖ్యను తొలగించాము. కోర్టు తీర్పులు, అధికారిక చర్యల వంటి బహిరంగ విషయాలను పేర్లతో ప్రస్తావించడానికి అభ్యంతరం లేదు.

పొగగొట్టం

ఇక్కడ రెండు మాటలు కలగాపులగం అవుతున్నాయని నాకు అనిపిస్తోంది. వినియోగదారుడి రక్షణ ఒకటి, ప్రజాహితం మరొకటి. ఎక్కువ సందర్భాల్లో రెండూ కలిసే నడుస్తాయి, కానీ ఒక్కోచోట దారులు చీలుతాయి. ఆ చీలిక దగ్గరే చట్టం రాయడం కష్టం.

ఫోక్స్‌వ్యాగన్ సంగతి తీసుకోండి. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ కంపెనీ చేసిన మోసాన్ని బయటపెట్టింది. డీజిల్ కారు లోపలి సాఫ్ట్‌వేర్ స్టీరింగ్ కదలికను, చక్రాల వేగాన్ని, మరికొన్ని లెక్కలను గమనించి, తాను పరీక్షా కేంద్రంలో ఉన్నానో రోడ్డు మీద ఉన్నానో పసిగట్టేది. పరీక్షలో బుద్ధిగా పొగను శుద్ధి చేసి, రోడ్డు మీద ఆ శుద్ధిని తగ్గించేది. కొన్ని సందర్భాల్లో నైట్రోజన్ ఆక్సైడ్లు అనుమతించిన దానికి 40 రెట్ల దాకా వెలువడ్డాయి. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నట్టు కంపెనీయే ఒప్పుకుంది. ఇప్పుడు చెప్పండి, ఆ కారు నడిపిన మనిషికి రోజువారీగా కలిగిన నష్టం ఏమిటి? బండి చురుగ్గానే కదిలింది, ఇంధనమూ ఆదా అయింది. నష్టమంతా ఆ కారు కొననివారికి, ఆ వీధిలో గాలి పీల్చినవారికి. వారిలో ఎవరూ ఏ షరతులకూ టిక్కు పెట్టలేదు.

ఇందులో చాలామంది మరిచిపోయిన ఒక ఘట్టం ఉంది. అమెరికాలో 1998 నాటి కాపీరైటు చట్టం డిజిటల్ తాళాలను ఛేదించడాన్ని నిషేధించింది. మూడేళ్లకోసారి కొన్ని మినహాయింపులు ఇస్తారు. వాహనాల సాఫ్ట్‌వేర్‌ను యజమానులూ పరిశోధకులూ తెరిచి చూసుకునే మినహాయింపు 2015లో చర్చకు వచ్చినప్పుడు దానిని వ్యతిరేకిస్తూ జులైలో లేఖ రాసింది ఎవరో తెలుసా? అదే పర్యావరణ పరిరక్షణ సంస్థ. యజమానులు ఇంజిన్ అమరికలు మార్చి పొగ పెంచుతారని దాని భయం. ఆ భయం నిరాధారమైనదేమీ కాదు, అలా చేసేవారు ఉన్నారు. కానీ రెండు నెలలకే తేలింది ఏమిటంటే, కోటి కార్ల పొగను పెంచింది యజమానులు కాదు, తాళం వేసిన తయారీదారే. కంచే చేను మేసింది, మనం కంచెకు కాపలా కాశాం. ఆ అక్టోబరులో మినహాయింపు మంజూరయింది.

ఒకేమాట

అంటే తాళం తీయాలంటారా, వేయాలంటారా? మీ ఉదాహరణ రెండు వైపులా మొగ్గుతోంది.

పొగగొట్టం

చూసే తాళం తీయాలి, మార్చే తాళం గురించి ఆలోచించాలి. లోపల ఏముందో పరిశీలించే హక్కు స్వతంత్ర పరిశోధకులకు ఎప్పుడూ ఉండాలి, అది ప్రజాహితం. మార్చే హక్కును మాత్రం వస్తువును బట్టి తూచాలి. ఇంటి కెమెరాను యజమాని ఎలా మార్చుకున్నా, ఎవరి ఇంట్లోకీ తొంగిచూడనంతవరకు మనకు పట్టింపు ఉండనవసరం లేదు. కారు ఇంజిన్‌కైతే మార్చిన తరువాత కూడా పొగ పరీక్ష నెగ్గాలన్న షరతు పెట్టవచ్చు. ఫలితాన్ని నియంత్రించాలి గానీ పనిముట్టును కాదు.

కోడుకూలీ గారి మిరాయ్ కథ కూడా అచ్చంగా ఇలాంటిదే కదా. అక్కడ కూడా నష్టపోయింది కెమెరా యజమాని కాదు, మిగతా ప్రపంచం. అందుకే దాన్ని కొనేవాడి విచక్షణకు వదలకూడదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇలాంటి పరికరాలకు అందరికీ ఒకటే పాస్‌వర్డు పెట్టి అమ్మడం నిషేధం. భద్రతా దిద్దుబాట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో తయారీదారు ముందే ప్రకటించాలి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 తరువాత కొత్తగా మార్కెట్లోకి వచ్చే ఫోన్ల, ట్యాబ్‌ల మోడళ్లకు, అమ్మకాలు ఆపిన నాటి నుంచి కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందించాలి. 2027 ఫిబ్రవరి నుంచి చాలా పరికరాల్లో బ్యాటరీని వాడేవారే తీసి మార్చుకునే వీలుండాలి. "ఎప్పుడైనా నిలిపివేయవచ్చు" అన్న వాక్యానికి ఇలా ఒక తేదీ తగిలిస్తే చాలు, కొనేవాడు లెక్క వేసుకోగలడు.

లెక్కలపద్దు

తేదీ తగిలించడం చిన్న సంగతిగా కనిపిస్తుంది గానీ అసలు కీలకం అక్కడే ఉంది. పక్కపక్కనే రెండు కెమెరాలు ఉన్నాయి, ఒకటి మూడేళ్లు బతుకుతుంది, మరొకటి పదేళ్లు. పెట్టె మీద ఆ సంగతి లేకపోతే కొనేవాడు చౌకదే ఎంచుకుంటాడు, అందులో తప్పు లేదు. అప్పుడు పదేళ్ల కెమెరా చేసేవాడు నష్టపోయి తనూ మూడేళ్లదే చేయడం మొదలుపెడతాడు. నాణ్యత అమ్మేవాడికి మాత్రమే తెలిసిన చోట మంచి సరుకు మార్కెట్ నుంచి తప్పుకుంటుందని జార్జ్ అకర్లాఫ్ 1970లో వాడిన కార్లను ఉదాహరణగా తీసుకుని చూపించారు. ఆ తరహా కృషికే 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఫ్రాన్సు 2021 నుంచి కొన్ని రకాల ఎలక్ట్రానిక్ వస్తువుల మీద మరమ్మతుకు ఎంత అనువో పదికి ఇన్ని మార్కులని ముద్రించాలన్న నియమం పెట్టింది. మార్కులు ఎవరు వేస్తారన్నది వేరే తగాదా, తయారీదారే వేసుకుంటాడు.

పోటీయే అన్నీ సరిదిద్దుతుందనేవారికి ఒక పాత సంగతి. 1924లో పెద్ద పెద్ద బల్బుల కంపెనీలు జెనీవాలో కూటమి కట్టి, బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని ఒప్పందం చేసుకున్నాయి. ఎక్కువ కాలం వెలిగే బల్బు చేసిన సభ్యుడికి జరిమానా వేశాయి. తక్కువ గంటల బల్బు ఎక్కువ కాంతి ఇస్తుందన్న సమర్థన అప్పుడూ ఉంది, అందులో కొంత భౌతికశాస్త్రమూ ఉంది. ఆ సమర్థన నిజమే అయితే జరిమానా దేనికన్నదే నా సందేహం.

కోడుకూలీ

మరమ్మతుబల్ల గారి ప్రశ్నకు సమాధానం ఇవ్వకుండా తప్పించుకున్నానని రెండు రోజులుగా నాకే అనిపిస్తోంది. నిజం చెబుతాను. ఇంటి వైఫై మీద మాత్రమే పనిచేసే చివరి అప్‌డేట్ రాయడం సాంకేతికంగా పెద్ద కష్టం కాదు. కష్టం మరోచోట ఉంది. సేవలు ఆపాలని నిర్ణయించేనాటికి ఆ మోడల్ రాసిన బృందం చెల్లాచెదురై ఉంటుంది. కోడును కూర్చి, అది మాదేనని పరికరం నమ్మేలా డిజిటల్ సంతకం చేసే పాత కంప్యూటర్‌ను ఎవరో తుడిచేసి ఇంకో పనికి వాడేసి ఉంటారు. ఒకసారి ఒక పరికరం కోసం మేము వెతికితే, దాన్ని ఎలా కూర్చాలో రాసిన కాగితం ఉద్యోగం మానేసిన వ్యక్తి సొరుగులో దొరికింది. పైగా చిప్పు సంస్థ మాకిచ్చిన కోడును బయటపెట్టకూడదన్న ఒప్పందం మా మీదా ఉంటుంది. మీ చేతిలో కళ్లెం లేనట్టే, పూర్తి కళ్లెం మా చేతిలోనూ ఉండదు.

అయితే ఇవన్నీ చివరి రోజున ఎదురయ్యే కష్టాలు. మొదటి రోజునే చట్టం అడిగితే వీటిలో ఏదీ కష్టం కాదు. అప్పుడు చిప్పు కొనేటప్పుడే ఆ షరతు పెట్టేవాళ్లం, సంతకం తాళాన్ని, కోడు ప్రతిని మూడో పక్షం దగ్గర భద్రపరిచేవాళ్లం. పెబుల్ అనే చేతి గడియారం సంస్థ 2016 చివరలో మూతపడింది, ఫిట్‌బిట్ దాని ఆస్తులను కొనుక్కుంది. తరువాత ఆ సర్వర్లూ ఆగిపోయాయి. అభిమానులు రెబుల్ పేరుతో సొంత సర్వర్లు పెట్టుకుని ఆ గడియారాలను ఏళ్ల తరబడి నడిపించారు. చివరకు 2025 జనవరిలో, అప్పటికి ఫిట్‌బిట్‌ను కొనేసిన గూగుల్ ఆ గడియారం కోడులో చాలా భాగాన్ని బహిరంగం చేసింది. తాళం అప్పగిస్తే ఎవరి కొంపా మునగలేదు.

పాతరేడియో

అందరికీ కృతజ్ఞతలు. మరమ్మతుబల్ల గారు విడిగా పంపిన సూచనల ప్రకారం ఆదివారం కెమెరా విప్పాను. అడుగున రబ్బరు బిళ్లల కింద నాలుగు స్క్రూలు, వాటి తరువాత గోటితో ఊడదీయాల్సిన రెండు కొక్కేలు. బోర్డు అంచున వరసగా మూడు రాగి చుక్కలు ఉన్నాయి. వాటికి తీగలు తగిలించి కంప్యూటర్‌కు కలిపితే, కెమెరా నిద్ర లేచేటప్పుడు తనలో తాను మాట్లాడుకునేదంతా తెర మీద అక్షరాలుగా పరుగెత్తింది. మొదట లినక్స్ అని తనను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు చెప్పుకుంది. ఔత్సాహికులు ఇలాంటి కెమెరాల కోసం తయారుచేసిన వేరే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించబోతే, సంతకం సరిపోలలేదని ఒక్క వరస చూపించి ఆగిపోయింది. మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ అదే వరస.

కోడుకూలీ

లినక్స్ అని కనిపించిందా? అయితే ఒక దారి ఉంది. లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగమైన కెర్నల్ జీపీఎల్ రెండో వెర్షన్ అనే అనుమతి పత్రం కింద వస్తుంది. పరికరంలో దాన్ని పెట్టి అమ్మినవారు ఆ భాగపు సోర్సు కోడును, అంటే మనుషులు చదివి మార్చగలిగే రూపాన్ని, దాన్ని కూర్చి ఎక్కించడానికి వాడిన స్క్రిప్టులతో సహా, అడిగినవారికి ఇవ్వాలి. కోడును పరికరంతోపాటే ఇవ్వకుండా, అడిగితే ఇస్తామని రాసి ఇచ్చే పద్ధతి ఎంచుకుంటే ఆ మాట కనీసం మూడేళ్లు చెల్లుతుంది. కాబట్టి ఆ మోడల్ అమ్మకం ఎప్పుడు ఆగిందో కూడా చూసుకోండి. 2003లో లింక్‌సిస్ రౌటర్ ఒకదాని కోడు ఇలాగే బయటికి రాబట్టారు, దాని నుంచే రౌటర్లను నడిపే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే బహిరంగ సాఫ్ట్‌వేర్ పుట్టింది, ఇవాళ్టికీ ఎన్నో పాత రౌటర్లు దానిమీదే బతుకుతున్నాయి. సంతకం తాళం కూడా ఇచ్చి తీరాలా అన్నది వివాదాస్పదం, న్యాయపత్రం గారు నాకంటే బాగా చెప్పగలరు. వినియోగదారుల సేవా విభాగానికి కాకుండా న్యాయ విభాగానికి రాయండి. "మీ పరికరం పనిచేయడం లేదు" అని రాస్తే తగ్గింపు కూపన్ వస్తుంది. "ఫలానా అనుమతి పత్రం ప్రకారం సోర్సు కోడు పంపగలరు" అని రాస్తే ఆ లేఖను ఎవరో ఒకరు పూర్తిగా చదువుతారు.

న్యాయపత్రం

తాళం సంగతి ఇంకా తేలలేదు, కానీ అడగడానికి అది అడ్డు కాదు. కోడు రాసినవారే కాక పరికరం కొన్నవారు కూడా ఈ బాధ్యతను అమలు చేయమని కోరవచ్చునన్న వాదనతో, టీవీల సంస్థ విజియో మీద, బహిరంగ సాఫ్ట్‌వేర్ తరఫున పనిచేసే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ అనే సంస్థ 2021లో కాలిఫోర్నియాలో దావా వేసింది. లేఖలో పరికరం మోడల్, లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షన్, కొన్న తేదీ తప్పకుండా రాయండి. రసీదు ప్రతి జతచేయండి.

పాతరేడియో

రసీదు దొరికింది. లేఖ ఈ ఉదయం పంపాను, ప్రతిని ఇక్కడ పెట్టాను, అవసరమైనవారు మోడల్ పేరు మార్చి వాడుకోవచ్చు. ఏ జవాబు వచ్చినా యథాతథంగా ఇక్కడే రాస్తాను. కెమెరాను తిరిగి బిగించాను. నాలుగో స్క్రూ మాత్రం ఎక్కడ పడిందో కనబడలేదు.